మొండితనం కాదమ్మా, మెదడు జబ్బు!

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! "మనిషి మునుపటిలా లేడు" అనే మాట మన ఆడవాళ్ళ మధ్య ఎంత తరచుగా వస్తుందో మీకు తెలుసు. కుళాయి దగ్గరా, డ్వాక్రా సంఘం మీటింగులో, గుడి అరుగు మీదా ఇదే మాట. "చెప్పింది చెప్పినట్టే మర్చిపోతాడు, అడిగితే అరుస్తాడు" అని ఒకరంటారు. "మా కోడలికి ఇంటి మీద ధ్యాసే లేదు, పాలు పొంగిపోతున్నా చూస్తూ కూర్చుంటుంది" అని ఇంకొకరు. దానికి మనం పెట్టే పేర్లూ మనకు తెలిసినవే. మొండితనం, బద్ధకం, పొగరు. అవేవీ కాదంటే గాలి సోకింది, ఎవరో ఏదో చేయించారు!

కొన్ని ఇళ్ళల్లో ఆ మార్పు వెనక మెదడుకు తగిలిన దెబ్బ ఉంటుంది. ఆ దెబ్బ హెచ్.ఐ.వి. వల్ల కావచ్చు. తాగుడు, గంజాయి లాంటి మత్తు వల్ల కావచ్చు. రెండూ కలిసీ కావచ్చు. ఆ పేరు వినగానే "మనకెందుకులే" అని పేజీ తిప్పేయకండి. 2023 లెక్కల ప్రకారం మన దేశంలో సుమారు 25 లక్షల మందికి హెచ్.ఐ.వి. ఉంటే, అందులో మూడు లక్షల మందికి పైగా మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. అంటే ఇది ఎక్కడో బొంబాయి కబురు కాదు. వానల్లేక మగవాళ్ళు లారీల మీదా, బేల్దారి పనులకూ హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళే మా మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి వైపు పల్లెల్లోనూ ఆ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళల్లో మనిషి మారిపోతున్నాడని ముందుగా కనిపెట్టేది ఎవరు? డాక్టరు కాదు, వంటింట్లో ఉన్న మనమే. అందుకే ఈ వారం ఈ కబురు.

వైరస్ మెదడులోకి ఎలా వెళ్తుంది?

మన రక్తానికీ మెదడుకీ మధ్య ఒక జల్లెడ లాంటి అడ్డు ఉంటుంది. రక్తంలోని చెత్తా చెదారం మెదడులోకి పోకుండా అది కాపాడుతుంది. హెచ్.ఐ.వి. మాత్రం దాన్ని దాటిపోతుంది. ఎలాగంటే, అది రక్తంలోని తెల్లకణాల్లో దాక్కుంటుంది. ఆ తెల్లకణాలకు మెదడులోకి వెళ్ళే దారి ఉంది కదా! కొట్టు నుంచి తెచ్చిన బస్తాలో పురుగు దాగి మన బియ్యం డబ్బాలోకి చేరినట్టే వాటితో పాటు వైరస్ లోపలికి చేరుతుంది. ఇది ఏళ్ళ తర్వాత జరిగే పని కాదు. జబ్బు సోకిన మొదటి వారాల్లోనే జరిగిపోతుంది.

లోపలికి వెళ్ళాక ఆలోచించే కణాలను అది నేరుగా పట్టుకోదు. మెదడుకు కాపలా ఉండే కణాలను పట్టుకుంటుంది. ఆ కాపలా కణాలు రెచ్చిపోయి కొన్ని విషపదార్థాలు వదులుతాయి. దాంతో మెదడులో సన్నగా వాపు మొదలై, చుట్టుపక్కల కణాలు మెల్లగా నీరసిస్తాయి. గాలి ఆడని ఇంట్లో రోజూ పొయ్యి పొగ పట్టి గోడలు నల్లబడతాయే, అలా అన్నమాట. ఒక్కరోజులో తెలీదు. నెలలు గడిచాక చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో ఈ వైరస్‌ను మొదట కనిపెట్టింది 1986లో, మద్రాసులో. మందుల్లేని ఆ కాలంలో జబ్బు ముదిరినవాళ్ళలో కొందరికి మతి పూర్తిగా చెడిపోయేది. ఇప్పుడు మందులు సక్రమంగా వాడేవాళ్ళలో అంతటి తీవ్రస్థితి చాలా అరుదు. అయితే చిన్న చిన్న మతిమరుపులు, మందకొడితనం మాత్రం కొందరిలో మిగిలే ఉంటున్నాయి.

మన రాయలసీమ, ప్రకాశం జిల్లాల వాళ్ళు నరాల జబ్బులకు బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్తారని మీకు తెలుసు. అక్కడి డాక్టర్లు హెచ్.ఐ.వి. సోకి, ఇంకా మందులు మొదలుపెట్టని 119 మంది దక్షిణాది వాళ్ళను పరీక్షించి, 2007లో ఆ వివరాలు ప్రచురించారు. జ్ఞాపకశక్తి లాంటి పరీక్షలు పెడితే నూటికి 60 మందిలో కొద్దిగానో, ఓ మోస్తరుగానో లోపం కనిపించింది. పూర్తిగా మతి చెడినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు ఇందులో ముఖ్యంగా తోచిందేమిటంటే, పైకి తేడా తెలియకపోయినా లోపల లోపం ఉండొచ్చు. అలాంటి మనిషిని ఇంట్లోవాళ్ళు "ఒళ్ళు బలిసింది" అనుకోక ఏం చేస్తారు?

బియ్యం డబ్బా అడుగున మాత్రలు

మా వైపు పల్లెలో ఒకామె ఉంది. ఊరూ పేరూ చెప్పను, ఆమె ఒప్పుకున్నంత వరకే రాస్తున్నాను. భర్త లారీ మీద పోయేవాడు. జబ్బు చేసి చనిపోయాడు. తర్వాత రక్తపరీక్షలో ఆమెకూ హెచ్.ఐ.వి. అని తేలింది. పిల్లలిద్దరికీ లేదు, అదొక అదృష్టం. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిచ్చారు.

కానీ అత్తగారింట్లో తెలిస్తే పిల్లల్ని తన దగ్గరికి రానివ్వరేమోనని భయం. అందుకని మాత్రల సీసా బియ్యం డబ్బా అడుగున దాచింది. ఇంట్లో అలికిడి లేనప్పుడు తీసి మింగేది. చుట్టాలొచ్చి ఆ గదిలో పడుకుంటే ఆ పూట లేదు. ఆడబిడ్డ పురిటికొచ్చి మూడు నెలలుంటే, వారంలో సగం రోజులు మాత్ర లేదు.

ఈమె సంఘం పుస్తకం రాసే మనిషి. పది మంది పొదుపు లెక్క నోటితోనే చెప్పేది. అలాంటిది పుస్తకంలో కూడికలు తప్పసాగాయి. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. కొట్లో చిల్లర లెక్కపెట్టలేక గుప్పెట్లోనే పట్టుకుని వచ్చేసేది. చేతిలోంచి గిన్నెలు జారేవి. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని జెయ్యవే, యాడ పెట్టుకున్నావు మనసంతా?" అని అత్తగారు రోజూ తిట్టిపోసేది. తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలు దిష్టి తీశారు. సంఘంలో అయితే డబ్బు మింగిందేమోనని గుసగుసలు కూడా వచ్చాయి. ఆ మాటకు ఆమె ఎంత కుమిలిపోయిందో!

చివరికి మందుల కోసం వెళ్ళినప్పుడు అక్కడి కౌన్సిలరు సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. రక్తంలో వైరస్ మళ్ళీ పెరిగింది. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం ఉన్నాయేమో కూడా చూశారు. ఆ తర్వాత ఆమె సరేనన్నాకే అత్తగారిని పిలిపించి, ఈ జబ్బు ఎలా వస్తుందో ఎలా రాదో కూర్చోబెట్టి చెప్పారు. ఆ పెద్దామె నిజంగా మంచి మనిషి. తెలీక తిట్టిందే గానీ కసితో కాదు. ఇప్పుడు సీసా బియ్యం డబ్బాలో లేదు, దేవుడి గూటి పక్క అలమరలో ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక "అమ్మాయీ, మాత్ర ఏసుకున్నావా?" అని అత్తగారే అడుగుతుంది.

ఆరేడు నెలలకు ఆమె మళ్ళీ పుస్తకం పట్టుకుంది. మునుపటంత చురుకు రాలేదు. కూడిక రెండోసారి ఇంకొకరు సరిచూస్తారు. అయినా పుస్తకం ఆమే రాస్తోంది.

చూశారా? ఆమెను సగం దెబ్బతీసింది వైరస్ అయితే, మిగతా సగం ఆ దాపరికం. మాత్ర దొంగచాటుగా మింగాల్సిన ఇంట్లో మెదడును కాపాడుకోవడం చాలా కష్టం.

మత్తు తోడైతే...

2020 జూలై చివర్లో మన జిల్లా కురిచేడులో జరిగింది గుర్తుందా? కరోనా కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసేస్తే, తాగుడు ఆపుకోలేనివాళ్ళు చేతులకు రాసుకునే శానిటైజరు తాగారు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. "బుద్ధుండక్కర్లేదూ!" అని మనం అన్నాం. నిజమే, కానీ ఆ బుద్ధి ఉండే చోటే కదా పాడైంది! సుఖం కలిగినప్పుడు మెదడులో డోపమైన్ అనే పదార్థం ఊరుతుంది. సారా, గంజాయి, మత్తు మాత్రలు దాన్ని బలవంతంగా ఊరిస్తాయి. కొన్నాళ్ళకు మెదడు దానికే అలవాటు పడి, అది లేకపోతే నిద్ర, ఆకలి, స్థిమితం ఏదీ ఉండదు. మంచీ చెడూ బేరీజు వేసే ముందుభాగం మందగిస్తుంది. అప్పుడు ఒట్లు, ప్రమాణాలు పనిచేయవు, వైద్యం కావాలి.

తాగుడు వల్ల ఇంకో నష్టం ఉంది. రోజూ తాగేవాళ్ళు సరిగ్గా తినరు, తిన్నదాంట్లో బి1 విటమిన్ ఒంటికి పట్టదు. అది మరీ తగ్గితే నడక తూలుతుంది, కళ్ళు తిరుగుతాయి, నిన్న జరిగింది గుర్తుండదు. గుర్తులేని చోట లేనిపోనివి కల్పించి చెప్తారు. మనమేమో "అబద్ధాలకోరు" అంటాం! డాక్టరు వెంటనే బి1 ఇంజెక్షన్లు ఇస్తే చాలావరకు ఆపొచ్చు, ఆలస్యమైతే ఆ మతిమరుపు ఉండిపోతుంది.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు మత్తు తోడైతే నిప్పుకు కిరసనాయిలు తోడైనట్టే. మెదడులో ముందే ఉన్న వాపును అది ఇంకా పెంచుతుంది. ఆ జల్లెడ అడ్డును వదులు చేస్తుంది. కొకైన్, మెథ్ లాంటివి అయితే మెదడులోని కణాల్లో వైరస్ పెరగడానికే సాయం చేస్తాయి. వీటన్నిటికీ మించి, తాగినవాడికి మాత్ర గుర్తుండదు. మన వైపు ఇంకో అపోహ ఉంది. "మందు కొట్టిన రోజు ఆ మాత్ర వేసుకోకూడదు, రెండూ పోట్లాడుకుంటాయి" అని. అది తప్పు. తాగడం మంచిది కాదు, నిజమే. కానీ తాగాడని మాత్ర మానేయడం ఇంకా చేటు. ఆ రోజు కూడా మాత్ర వేయించండి.

1992లో మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ, తోటి ఆడవాళ్ళూ సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే సంగతి. కూలిడబ్బు సారా కొట్టుకు పోతోందని వాళ్ళు కొంగు బిగించారు. కూలిడబ్బుతో పాటు మనిషి మెదడూ పోతోందని ఈరోజు మనకు తెలిసింది.

ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకు ఒక్కమాట. మెదడు ఎదుగుదల పాతికేళ్ళ దాకా సాగుతూనే ఉంటుంది. ఆ వయసులో గంజాయి పట్టుకుంటే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయి. కొందరు పిల్లలకు లేని మాటలు వినిపించడం, అందరి మీదా అనుమానం మొదలవుతాయి. కళ్ళెర్రబడటం, మార్కులు పడిపోవడం, ఇంట్లో డబ్బు మాయమవడం కనిపిస్తే కొట్టకముందు కూర్చోబెట్టి మాట్లాడండి.

మనం కనిపెట్టాల్సినవి

మెల్లగా వచ్చే మార్పులు ఇవి: నిన్నటి మాట మర్చిపోవడం, చిన్న లెక్కలు తప్పడం, మాట, నడక, పని అన్నీ నెమ్మదించడం, గుండీలు పెట్టుకోవడానికి తడబడటం, ఏ సరదా మీదా ఆసక్తి లేకపోవడం, చిన్నదానికే చిరాకు. ఇవి కనిపిస్తే ఎప్పటినుంచో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. "ఏదోలా ఉంటున్నాడు" అనే కంటే "రెండు నెలల నుంచి చిల్లర లెక్కపెట్టలేకపోతున్నాడు" అంటే డాక్టరుకు ఎంతో సాయం.

గబుక్కున వచ్చేవి వేరు. జ్వరంతో విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, చూపు మసకబారడం. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు క్షయ గానీ, ఇతర క్రిములు గానీ మెదడుకు పట్టినప్పుడు ఇలా అవుతుంది. అప్పుడు తాయెత్తూ లేదు, రేపు చూద్దామనీ లేదు. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

అలాగని మతిమరుపున్న ప్రతివారినీ అనుమానించకండి సుమా! థైరాయిడ్, రక్తహీనత, దిగులు, నిద్రలేమి వల్ల కూడా మతిమరుపు వస్తుంది. పరీక్ష చేయిస్తే గానీ ఏదీ తేలదు.

మాత్ర తప్పకుండా ఉండాలంటే

ఈ మందులు ఒకప్పుడు మనబోటివాళ్ళకు అందని మాట. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ రోజుకు డాలరు లోపే ఖర్చయ్యేలా ఇస్తామని ముందుకొచ్చాక ధరలు దిగాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే మాత్ర. పాత మందుల్లో ఒకదానికి పీడకలలు, తలతిరుగుడు వచ్చి కొందరు మానేసేవారు. ఇప్పటి మందుతో ఆ బాధ బాగా తగ్గింది. ఎవరికైనా నిద్ర పట్టకపోతే డాక్టరును అడగాలి గానీ సొంతంగా ఆపకూడదు.

మాత్రను రోజూ తప్పని ఒక పనికి ముడిపెట్టండి. రాత్రి అన్నం తిన్న కంచం తీసేటప్పుడు అనుకోండి, ఇక మర్చిపోరు. గోడమీది క్యాలెండరులో ఆ రోజు గడిలో చిన్న గీత పెట్టండి. సెల్‌ఫోనులో అలారం పెట్టండి. మన ఆడవాళ్ళం ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాసుకు టానిక్కులు వాడుతుంటాం కదా, వాటిలో కొన్ని ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. ఏది ఎన్నింటికి వేసుకోవాలో మందులిచ్చేచోటే అడిగి రాయించుకోండి.

తిండి సంగతి. ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. మన రాగి సంకటి, సజ్జ రొట్టె, జొన్న రొట్టె, మన చేలల్లో పండే కందిపప్పు, వేరుశనగ ఉండలు, గుడ్డు, మునగాకు వేపుడు చాలు. మరీ పాలిష్ పట్టిన బియ్యంలో బి1 పోతుంది, దంపుడు బియ్యంలో, పప్పుల్లో, వేరుశనగలో ఉంటుంది. అయితే తిండి మాత్రకు బదులు కాదు, తోడు మాత్రమే.

గుర్తుపెట్టుకోండి

* కలిసి తినడం, ఒకే గ్లాసులో తాగడం, బట్టలు కలిపి ఉతకడం, దోమకాటు... వీటివల్ల హెచ్.ఐ.వి. రాదు. మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గితే కాపురం వల్ల కూడా ఇంకొకరికి సోకదు.

* గర్భిణులు మొదట్లోనే పరీక్ష చేయించుకుని మందులు వాడితే బిడ్డకు రాకుండా చాలావరకు కాపాడొచ్చు.

* ఏళ్ళ తరబడి బాగా తాగేవాళ్ళను ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, పిచ్చి కలవరింతలు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూస్తుండగా మాన్పించాలి.

* హెచ్.ఐ.వి. సందేహాలకు 1097, మత్తు మాన్పించడానికి 14446, మనసు బాగోలేకపోతే 14416, గంజాయి సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1972. డబ్బు కట్టక్కర్లేదు.

* 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు సంగతి రోగి ఒప్పుకోకుండా బయటపెట్టడం, ఉద్యోగం లోంచీ బడి లోంచీ తీసేయడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ కేంద్రంలో మందులు వాడుతున్న అర్హులకు 2024 జూలై నుంచి పింఛను నెలకు 4000 రూపాయలు చేశారు.

ఇక ఒక్క మనవి. ఈ వారం మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగున గానీ ఎవరైనా గిన్నె జారవిడిస్తే, చెప్పింది మర్చిపోతే, తిట్టు నోటిదాకా వచ్చినా ఒక్క క్షణం ఆపుకోండి. "ఎప్పటినుంచమ్మా ఇలా?" అని అడగండి. ఎవరైనా మాత్రలు దాచుకుని మింగుతున్నారని తెలిస్తే, పదిమందికీ చెప్పకుండా ఆ సీసాకు మీ అలమరలో కాస్త చోటివ్వండి.

ఉంటాను మరి. వచ్చేవారం సగ్గుబియ్యం వడియాలు ఎర్రబడకుండా తెల్లగా రావాలంటే ఏం చేయాలో చెప్పుకుందాం.